గింజల్లో పడిన రక్తం

ముందుగా నాకు నిశ్చయంగా తెలిసినవాటిని, విన్నవాటినుండి వేరుచేసి చెబుతాను. ఆ ముసలివాని ఎడమ అరచేతిలో, బొటనవేలి మొదట, ఒక కోత ఉండేది. దానిని నేను చూశాను, కడిగాను, కట్టు కట్టాను. అతడు ధనుర్వాతంతో చనిపోయాడు. ఆ రోగాన్ని ఒకసారి చూసినవాడు మరొక రోగంగా పొరబడడు. చనిపోయేనాటికి అతడు బాప్తిస్మం పొందిన క్రైస్తవుడు; అంతకు ముందు తన ఊరి దేవతకు పూజారి. అతని చేతి రక్తం ఊరివాళ్ళ విత్తనాల గంపలో పడిందన్నది కూడా నిజమే. ఆ గింజలను తరువాత నేను వేళ్ళతో విడదీసి చూశాను. కొన్ని ఒకదానికొకటి అంటుకొని నల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

తక్కినదంతా వినికిడి. కత్తి జారిందని ఒకరు, జారలేదని మరొకరు అన్నారు. రక్తం కారుతున్నప్పుడు అతడు ప్రార్థించాడని ఒకరు, నవ్వాడని ఒకరు, బూతు తిట్టాడని ఒకరు చెప్పారు. వీళ్ళందరూ ఆ సమయానికి అక్కడ ఉన్నవాళ్ళే. ఇక అక్కడ లేనివాళ్ళు చెప్పినవాటికి లెక్క లేదు. ఇన్నేళ్ళ తరువాత, మైదాన ప్రాంతంలో ఒక ఉపవాస కూటంలో, ఎవరో ప్రసంగీకుడు ఇదే కథను చెప్పగా విన్నాను. ఆయన కథలో ముసలివాడు అరచేతిలో సిలువ ఆకారంగా కోసుకున్నాడు. రెండు చేతులూ చాచి ప్రాణం విడిచాడు. ఆ గింజలు చల్లిన నేల నూరంతలు పండింది. అది చూసి ఊరంతా మారుమనస్సు పొందింది. నేను చూసినప్పుడు కోత ఒక్కటే ఉంది. చేతులు రెండూ రొమ్ముకు బిగుసుకొని ఉన్నాయి, చాచడం ఆ రోగంలో సాధ్యం కాదు. పంట ఎప్పటిలాగే పండింది. ఊరు మారలేదు. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే నేను బయటికి వచ్చేశాను. ఇది రాయడానికి ఆ ప్రసంగమే కారణం.

చింతపల్లి వైపు పితూరీ అణిగి, రిజర్వు పోలీసులు కొండలు దిగి వెళ్ళిపోయిన తరువాతి కాలమది. అరకు లోయలో మిషనువారు పెట్టిన చిన్న వైద్యశాలలో నేను పనిచేసేవాణ్ణి. తాతల నాడే క్రైస్తవులైన మైదానపు కుటుంబం మాది. ప్రార్థన నాకు తల్లిపాలతో వచ్చింది. అనుమానం వైద్య పాఠశాలలో వచ్చింది. ఆ రెండూ ఇప్పటికీ నాలో ఒకే ఇంట్లో కాపురముంటున్నాయి, మాటలు మానేసిన మొగుడూ పెళ్ళాల్లాగా. వైద్యశాలకు మట్టి గోడలు, గడ్డి కప్పు. ఆస్తి అంతా కలిపి ఒక సూక్ష్మదర్శిని, క్వినైను డబ్బాలు, కార్బాలిక్ సీసాలు. చలికాలంలో మంచు మధ్యాహ్నానికి గాని విడిచేది కాదు. వానలకు ఘాటీ దారి తెగితే కిందినుండి మందు రావడం ఆగిపోయేది. ఎండ, వాన, చలి తరువాత ఆ కొండలకు మన్యపు జ్వరం నాలుగో ఋతువు.

ఆ జ్వరంతోనే ముసలివాని భార్యను మొదటిసారి నా దగ్గరికి మోసుకొచ్చారు. ఆమె వేలి నుండి ఒక చుక్క తీసి, అద్దం మీద పరిచి, సూక్ష్మదర్శినిలో అతనికి చూపించాను. అతడు చాలాసేపు ఒంటికన్నుతో చూశాడు.

"ఇందల నా ఆడది ఏది, బావూ?" అన్నాడు.

"ఆవిడ కాదు తాతా, ఆవిడ రక్తం. ఆ చుక్కలే జ్వరం."

"మా దేవతకి ఇన్నేళ్ళూ గంపలకొద్దీ రగతం పోసినాను. ఒక్కపాలీ ఇలగ సూడనేదు" అని నవ్వాడు. "సూసుంటే ఏటి కనబడునో."

ఆమె బతికింది. తరువాత కొంతకాలానికి అతడు బాప్తిస్మం అడిగాడు. క్వినైను చూసి మతం మారాడని సంతలో వర్తకులు ఎగతాళి చేసేవారు. నాకూ అదే అనుమానం ఉండేది, కనుక అడిగాను. అతడిచ్చిన జవాబు వినికిడి కాదు, నా ఎదుట కూర్చుని చెప్పినదే. అందుకే అతని మాటల్లోనే రాస్తున్నాను.

ఆ కొండల్లో ఒక ఆచారం ఉంది. కోడిని బలి ఇచ్చేముందు దాని ఎదుట నాలుగు బియ్యపు గింజలు వేస్తారు. అది పొడిచి తింటే బలికి ఒప్పుకున్నట్టు. తినకపోతే ఒప్పుకోలేదని దాన్ని వదిలేసి మరో కోడిని తెస్తారు. ఒప్పుకోని ప్రాణిని కోస్తే ఆ రక్తం దేవతకు చెల్లదు.

"గింజలేత్తే తింటాది బావూ. తిన్నాదంటే ఒప్పుకున్నాదని మావు అనుకుంటాం. ఆకలేసి తిన్నాది గదా, ఒప్పుకోడం ఏటున్నాది అందల? మా అయ్య అలగే కోసినాడు, నానూ అలగే కోసినాను. నా సేతికింద ఏ కోడీ తెలిసి రానేదు." కొంచెం ఆగి, ప్రార్థన మందిరం కప్పు మీది కర్ర సిలువ వైపు గడ్డం ఎత్తాడు. "మీవోడు తెలిసే ఒచ్చినాడంట గదా?"

ఆనాటినుండి అతడంటే నాకు గౌరవం కలిగింది. బియ్యం పొడవడానికీ ఒప్పుకోవడానికీ మధ్య ఉన్న తేడాను చూడగలిగినవాడు ఏ పాఠశాలకు వెళ్ళకపోయినా నా జాతివాడే.

మా పాస్టరుగారు తీరప్రాంతంనుండి వచ్చినవారు. మంచి మనిషి, భయస్తుడు. ఆ లోయలో ఆయన మందలో ఉన్నవి కొన్ని కుటుంబాలే. ఎవరు ఎప్పుడు వెనక్కి జారిపోతారో అన్న దిగులుతో ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఆ సంవత్సరం శుభ శుక్రవారం నాడు ఆయన బలి గురించి ప్రసంగించారు. లోకానికి ఒకే ఒక బలి జరిగిందనీ, అది చాలుననీ, దాని తరువాత కార్చిన ప్రతి రక్తమూ ఆ రక్తాన్ని చాలదని అవమానించడమేననీ చెప్పారు. ముందు వరుసలో ముసలివాడు నేల చూస్తూ కూర్చున్నాడు. కూటం ముగిశాక ఒక్క మాట అడిగాడు.

"మరి గింజలకో, అయ్యోరూ?"

ఆ ప్రశ్న ఎక్కడినుండి వచ్చిందో చెప్పాలి. చైత్రంలో ఊరివాళ్ళు విత్తనాల పండుగ చేస్తారు. కిందటి పంటలో ప్రతి ఇంటివారూ తెచ్చి పోసిన చోళ్ళు, సామలు ఒకే వెదురు గంపలో ఉంటాయి. గంపను పేడతో అలికి, మూత పెట్టి, అడ్డతీగతో బిగించి కట్టి, దేవత రాళ్ళ దగ్గర ఒక పాకలో దాస్తారు. పండుగనాడు ఆ కట్టును పూజారి వంశంవాడే విప్పాలి. విప్పి, కోడి రక్తం గింజలమీద పడనిచ్చి, చేత్తో కలిపి, ఇంటికి ఒక పిడికెడు చొప్పున పంచుతాడు. ఆ పిడికెడు తమ విత్తనంలో కలుపుకున్నాకే ఎవరైనా చల్లుతారు. ఆ వంశంలో ఈ ముసలివాడు తప్ప ఇంకెవరూ మిగల్లేదు. అతడు చేయకపోతే ఆ ఊరు ఆ ఏడు విత్తదు. విత్తకపోతే వచ్చే ఏడు మామిడి టెంకల పిండి తిని బతకాలి, బతకనివాళ్ళు బతకరు.

ఈస్టరు గడిచిన వారంలో ఊరి పెద్ద పాస్టరుగారి అరుగు దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ముసలివాడు గడపలో కూర్చుని వెదురు బద్ద చెక్కుతున్నాడు.

"మా పూజారిని ఒక్క పూటకి ఇయ్యండి, అయ్యోరూ" అన్నాడు పెద్ద. "మళ్ళీ మీకే ఒప్పసెప్పీత్తాం."

"ఇచ్చి పుచ్చుకోవడానికి అతనేమైనా కోడెదూడా?" అన్నారు పాస్టరుగారు.

"కోడెదూడైతే ఇద్దరూ గడ్డేసీవోరు" అన్నాడు ముసలివాడు, తల ఎత్తకుండా.

పెద్ద నవ్వలేదు. మూత వేరొకరు తీస్తే ఆ గింజ మొలవదన్నాడు. నేను ఊరుకోలేక, ఎప్పుడైనా వేరొకరిచేత తీయించి చూశారా అని అడిగాను.

"సూత్తాం. మొలవకపోతే మా ఊరికి తిండి నువ్వెడతావేటి, మందుల బావూ?"

 ప్రయోగం చేసేవాడు వేరు, ప్రయోగం తప్పితే పస్తుండేవాళ్ళు వేరు. ఈ సంగతి మా పాఠశాలలో ఎవరూ చెప్పలేదు.

చివరికి పాస్టరుగారే ఒక దారి చూపారు. ఆయన దయకు అది నిదర్శనం, ఆ తరువాత ఆయన దుఃఖానికీ అదే మూలం. మూత తీయడం బలి కాదు గనుక మూత తీయవచ్చు, గింజలు పంచడమూ బలి కాదు గనుక పంచవచ్చు, కాని కత్తి మాత్రం పట్టకూడదు.

"కట్టింది అడ్డతీగతో గదా, అయ్యోరూ. కత్తి నేకుంటే ఎలగ ఊడతాది?"

"సరే, తీగ కోయి. కోడిని కోయకు."

"కోడిని కొయ్యను" అన్నాడు ముసలివాడు.

ఆ మాట అతడు తప్పలేదు. కోడిని కోయలేదన్న విషయంలో మాత్రం ఊరందరిదీ ఒకే మాట.

ఆ రోజు నేను అక్కడ లేను. కొండ అవతలి పల్లెలో జ్వరాలు చూస్తున్నాను. నలుగురి మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అందులో తేలేది ఇంతే. ముసలివాడు కోడి లేకుండా ఒట్టి చేతులతో వచ్చాడు. ఊరివాళ్ళు గొణిగారు. అతడు గంపముందు కూర్చుని, ఎడమచేత్తో తీగ పట్టుకొని, కుడిచేత్తో కత్తి తనవైపు లాగాడు. తీగ తెగింది, చెయ్యి కూడా తెగింది. మూత తీసి, ఆ చేతినే గింజల్లో పెట్టి కలిపాడు. ఇంటింటికీ పిడికెడు పంచాడు. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. మొదట తీగ తెగిందా, చెయ్యి తెగిందా అన్న దగ్గర ఊరు రెండుగా చీలింది. తీగ తెగి, ఆ ఊపుకు కత్తి చేతిలోకి దిగిందని కొందరు. తీగ తెగిపోయి కింద పడ్డాక, కత్తి మళ్ళీ ఎత్తాడని మరికొందరు.

నేను తిరిగివచ్చేసరికి తొలకరికి ముందు పడే జల్లు ఒకటి పడింది. పై వాలులో పోడు కాల్చిన చోట కొంతమంది అప్పటికే విత్తనం చల్లుతున్నారు. నల్లటి బూడిదమీద మనుషులు వరుసగా వంగి కదులుతుంటే దూరానికి అంతా శాంతంగా కనబడింది.

అతడు భార్యతో కలిసి వైద్యశాలకు నడిచి వచ్చింది ఆ తరువాతి వారంలో, మంచు ఇంకా విడవని ఒక ఉదయం. చేతికి ఏదో ఆకు కట్టి ఉంది. గాయం కోసం రాలేదు. నోరు తెరవలేకపోతున్నానని వచ్చాడు. మెడమీద చెయ్యి వేయగానే నాకు తెలిసిపోయింది. ఆకు విప్పి చూశాను. పేడ అలికిన గంపలో కోసిన చెయ్యి పెట్టిన మనిషికి ఆ రోగం రావడానికి దేవత ప్రమేయం అక్కర్లేదు. ఆ పేడలోనే దాని క్రిమి ఉంటుంది. విరుగుడు సీరం విశాఖపట్నంలో తప్ప లేదు. ఆ గంటలోనే ఒక మనిషిని ఘాటీ దింపాను, అతడు వచ్చేసరికి ఆలస్యమవుతుందని తెలిసి కూడా.

గాయం కడుగుతూ అడిగాను. "ఎలా తెగింది, తాతా?"

"కత్తి" అన్నాడు పళ్ళ మధ్యనుండి.

"జారిందా?"

అతడు నావైపు చూసి నవ్వాడు. నవ్వాడని రాశాను గాని, అది కూడా నిశ్చయం కాదు. ఆ రోగంలో ముఖకండరాలు బిగిసి, పెదవులు పక్కలకు లాగబడి, నవ్వులాంటిది ఒకటి దానంతట అదే ఏర్పడుతుంది. అతడు నవ్వాడో, రోగం నవ్వించిందో నేను ఈనాటికీ చెప్పలేను. సాయంత్రానికి దవడ పూర్తిగా పట్టుకుంది. ఇక అతడు మాట్లాడలేదు.

చీకటి గదిలో పడుకోబెట్టాను. చిన్న అలికిడి అయినా, తలుపు చప్పుడైనా, ఒళ్ళంతా విల్లులా వంగేది. స్పృహ మాత్రం చివరివరకూ ఉంటుంది. ఆ రోగపు క్రూరత్వం అదే. నిద్రమందు ఇచ్చాను, అది కొంచెమే పనిచేసింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేయబోతే, గొంతు తగ్గించమని నేనే చెప్పాల్సివచ్చింది. ఆయన ఆ గదిలో పెదవులు మాత్రం కదిలిస్తూ చాలాసేపు నిలబడ్డారు.

ముసలివాడు పడిపోయాడన్న వార్తతో ఊళ్ళో విత్తడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పడానికి ఊరి పెద్ద వైద్యశాల వెనక్కి, ముసలావిడ కట్టెలు ఏరుకుంటున్న చోటికి వచ్చాడు. నేను కిటికీ దగ్గర మందు కలుపుతున్నాను. వాళ్ళ మాటలు నాకు వినిపిస్తున్నాయని ఇద్దరికీ తెలుసు.

"ఒదినా, ఒక్క మాట సెప్పు. తెలిసి ఇచ్చినాడా, తెలీక కారిందా?"

ఆవిడ ఇంకో కట్టె ఏరి చంకలో పెట్టుకుంది.

"తెలిసి ఇచ్చినాడంటే గింజకి బలం. అన్నని తలుసుకొని జల్లుకుంటాం. తెలీక కారిందంటే అంటు. ఒక్కిల్లని గాదు, ఊరందరి గింజలందూ కలిసిపోనాది. అంతా గెడ్డ నీళ్ళల్ల కలిపీయాల. ఏరే గింజ నేదు మాకు."

"నానక్కడ సూడనేదు."

"సూడకపోతే ఏటి? రేత్రి పక్కని తొంగుంటావు గదా. నీతో అననేదా?"

"తొంగుంటే అన్నీ సెప్తారేటి? నీ ఆడదానికి అన్నీ సెప్తావా నువ్వు?" అంది ఆవిడ. పెద్ద తల గోక్కుని వెళ్ళిపోయాడు.

ఆ మరునాడు ముసలివాడు చనిపోయాడు. ఊపిరి కండరాలు బిగుసుకుపోయాయి. దాన్ని శాంతమైన మరణమని ఎవరు చెప్పినా నమ్మకండి.

అప్పుడు పాస్టరుగారు నా దగ్గరికి వచ్చి బల్లమీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నారు. ఆయన సమస్య ఊరివాళ్ళ సమస్యను తిరగేసినట్టుంది. కత్తి జారి ఉంటే ముసలివాడు ప్రమాదంలో చనిపోయిన విశ్వాసి. మందిరం వెనుక నేలలో అతనికి చోటుంది. తెలిసి కోసుకొని ఆ రక్తాన్ని గింజలకు ఇచ్చి ఉంటే, అతడు పాత బలికి తిరిగి వెళ్ళినవాడు, పైగా కోడికి బదులు తననే పెట్టినవాడు. అలాంటివాణ్ణి ఆ నేలలో పెడితే, తక్కిన కుటుంబాలకు రేపు ఏమని బోధించాలి? ఊరివాళ్ళ శ్మశానంలోనూ అతనికి చోటు లేదు. బాప్తిస్మం పొందిననాడే వాళ్ళు అతణ్ణి లెక్కలోంచి తీసేశారు. ఇటూ అటూ కానివాణ్ణి లోయలో రాళ్ళకింద, పులి చంపినవాళ్ళను పెట్టే చోట పెట్టాలి.

"డాక్టరుగారూ, మీరు గాయం చూశారు. మీరు చదివినవారు. అది ప్రమాదమా, కాదా? మీరేది చెబితే అది చేస్తాను."

నేను ఆలోచించిన తీరు ఇక్కడ దాచకుండా రాస్తాను. ఎడమచేత్తో తీగ పట్టుకొని కుడిచేత్తో కత్తి తనవైపు లాగేవాడికి, కత్తి జారితే సరిగ్గా అక్కడే తెగుతుంది. కావాలని రక్తం తీసుకోదలచినవాడు కూడా, కుడిచేతిని పనికి మిగుల్చుకొని, సరిగ్గా అక్కడే కోసుకుంటాడు. కోత లోతుగా ఉంది: జారిన కత్తికి అదుపు ఉండదు గనుక లోతుగా దిగుతుంది, ఆ కత్తి మొద్దుది గనుక కావాలని కోసుకునేవాడూ గట్టిగా నొక్కాలి. కోసే ముందు జంకుతూ గీసి చూసుకున్న తడబాటు గీతలు లేవు. ప్రమాదంలో ఉండవు, నిశ్చయించుకున్నవాడి చేతిలోనూ ఉండవు. ఇక, మీవోడు తెలిసే ఒచ్చినాడంట గదా అని అతడు నాతో అన్న మాట ఉంది. అది నన్ను ఒకవైపు లాగింది. కాని ఒక మనిషి ఒకనాడు ఒకదాన్ని మెచ్చుకున్నంతమాత్రాన మరొకనాడు అదే చేశాడని తేల్చడం, బియ్యం పొడిచింది గనుక కోడి ఒప్పుకుందనడం లాంటిదే. ఆ తర్కాన్ని విడదీసి నాకు చూపించినవాడు అతడే.

"గాయం ఆ సంగతి చెప్పదండీ" అన్నాను.

"మీరు దాటవేస్తున్నారు."

"లేదు. ప్రభువును సిలువ వేసిన శుక్రవారంనాడు ఆ గుట్టమీద మూడు సిలువలున్నాయి గదా. నాలాంటి వైద్యుడొకడు అక్కడికి వెళ్ళి, మూడు జతల చేతులూ పరీక్షించాడనుకోండి. అవే మేకులు, అదే రక్తం. ఏ చేతులు ఇచ్చినవో, ఏ చేతులు పట్టి కొట్టబడినవో అతడు చెప్పలేడు. మధ్య సిలువ బలి అనీ, పక్కవి శిక్షలనీ మీరు గాయాలు చూసి నమ్మలేదు. ఆయన నోటి మాట విని నమ్మారు. ఈయన నోరు నేను చూసేసరికే పట్టుకుపోయింది."

 నా జవాబు పాస్టరుగారిని తృప్తిపరచలేదని ముఖం చూస్తేనే తెలిసింది; నన్నూ తృప్తిపరచలేదు. ఆయన సిలువను నమ్మడానికి ఎంత ధైర్యం కావాలో ఆ క్షణాన నాకు మొదటిసారి అర్థమయింది. బయటినుండి చూస్తే అక్కడ కనబడేది ముగ్గురు మనుషులను ప్రభుత్వం చంపడం ఒక్కటే. ఇచ్చాడు అన్న మాటకు ఆ కర్రలమీద ఎక్కడా రుజువు లేదు.

"తెలియనప్పుడు..." అని ఆయన మొదలుపెట్టి, వాక్యం పూర్తిచేయకుండా లేచి, మందిరం వెనుక గొయ్యి తవ్వమని చెప్పారు.

సమాధినాడు సన్నగా వాన పడుతోంది. వడ్రంగి లేడు గనుక రెండు కర్రలను ఒకదానిపై ఒకటి పెట్టి కట్టారు. కట్టడానికి దొరికింది అడ్డతీగే. పాస్టరుగారు సమాధి క్రమంలోని వాక్యాలు కొన్ని చదివి, చనిపోయినవాడు తిరిగి లేస్తాడన్న నిశ్చయమైన నిరీక్షణ గురించిన భాగం దగ్గర ఆగి, పుస్తకం మూశారు. దాన్ని మరచిపోయారో, మానేశారో నేను అడగలేదు.

ఊరివాళ్ళు కంచె అవతల నిలబడ్డారు. అంతా అయ్యాక పెద్ద కంచె దగ్గరికి వచ్చాడు. ముసలావిడ ఇటువైపు, అతడు అటువైపు.

"ఒదినా, గింజలు జల్లమంటావా, గెడ్డలో ఒంపమంటావా?"

ఆవిడ చేతికంటిన మట్టిని కొంగుకు తుడుచుకుంది. "ఆయన్ని నేల తీసుకున్నాది గదా. వద్దననేదు. గింజలకీ ఆ నేలనే అడిగి సూడండి. అది వద్దంటే మొలవదు."

ప్రమాదమని అనలేదు, తెలిసి ఇచ్చాడనీ అనలేదు. పెద్ద ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టు నిలబడి, "బేగి రండిరా, వాన నిలబడీలాగ నేదు" అని తనవాళ్ళను తీసుకొని వాలు ఎక్కాడు. ఆ సాయంత్రమే మిగిలిన విత్తనం చల్లారు. పంట మామూలుగా పండింది. దానినిబట్టి ఏదీ రుజువు కాదు. ఆ గింజలు కలపని నేల ఒకటి పక్కన ఉండి ఉంటే పోల్చి చూడవచ్చు, అలాంటి నేల ఆ ఊళ్ళో లేదు.

తరువాత నన్ను మైదానానికి బదిలీ చేశారు. చాలా ఏళ్ళకు ఏదో పనిమీద లోయకు వెళ్ళినప్పుడు సంతలో ఆవిడ కనబడింది. బాగా వంగిపోయింది, చింతపండు బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. కుశలప్రశ్నల తరువాత, ఎవరూ దగ్గర లేకుండా చూసి అడిగాను. ఆ పండుగనాటి రాత్రి అతడు మీతో ఏమన్నాడు అని. పాస్టరుగారు అప్పటికి పోయారు. ఊరి పెద్ద కూడా పోయాడు. ఇక ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

"నువ్వింకా ఆ గంప కాడే కూకున్నావేటి, బావూ?" అంది.

"తెలుసుకోవాలని అంతే."

ఆవిడ పక్కనున్న మరో బుట్టలోకి చెయ్యి పెట్టి, గుప్పెడు చోళ్ళు తీసి, నా అరచేతిలో పోసింది. "ఇయి ఆ గింజల పిల్లల పిల్లలే. ఏ ఏటికాయేడు వాటిల్లోంచే దాసుకొని జల్లుకుంటన్నాం. ఆయన మీ అయ్యోరి నేలందు ఉన్నాడు. ఇప్పుడు నాను ఒకలాగ సెప్తే ఇయన్నీ గెడ్డలో పోయాల. ఇంకోలాగ సెప్తే ఆయన్ని తవ్వీయాల. ఏది సెప్పమంటావు?"

 గింజలు బుట్టలో పోసేశాను. ఒకటి రెండు చేతి గీతల్లో ఇరుక్కుంటే ఆవిడే చేయి పట్టుకొని దులిపింది.

కనుక మొదట రాసిన నిశ్చయాల వరుసలో ఇంకొకటి చేర్చలేకపోతున్నాను. అతడు ఇచ్చాడా, లేక అతని దగ్గరనుండి జారిపోయిందా అన్నది నాకు తెలియదు. నాకు తెలిసినంతవరకు అది తెలిసిన మనిషి ఒక్కతే. ఆవిడకు ఏమీ తెలియకపోయి ఉండవచ్చు కూడా. తెలియదన్నా, అతడేమీ చెప్పలేదంటే కత్తి జారిందనే అని జనం తేల్చేస్తారు గనుక, అదీ చెప్పలేదు. కిందటి ఏడు ఆ దారిన వచ్చినవాణ్ణొకణ్ణి అడిగాను. ముసలావిడ పోయిందట. ఆ ఊరివాళ్ళు చోళ్ళు ఇంకా చల్లుతూనే ఉన్నారట.